మూసిన బావులకు దొరికిన జాగ

మా నాయిన బావి మోటార్లు, బోరు మోటార్లు రిపేరు చేస్తడు. మాది రావల్కోల్. మేడ్చల్ చుట్టుపక్కల ఏ ఊర్ల ఎవరి బావి ఎంత లోతు, ఎన్నో గజం కాడ బండ తగుల్తది, ఏ బావికి ఎండాకాలం గూడ ఊట ఆగదు, అన్నీ ఆయనకు నోటికి వస్తయి. నేను ఎమ్మెస్సీ అయినంక షామీర్‌పేట తొవ్వల ఉన్న యూనివర్సిటీల పీహెచ్‌డీకి చేరి, మా దిక్కు పాత వ్యవసాయ బావుల మీద పరిశోధన చేస్తనన్ననంటే అందుల నా తెలివి ఏం లేదు. ఇంట్ల అవే ముచ్చట్లు ఇనుకుంట పెరిగిన.

ఆదివారం వచ్చిందంటే నాయిన నన్ను మోపెడ్ ఎన్క కూసోబెట్టుకొని బయల్దేరేటోడు. తాడుకు గజానికో ముడి వేసి, కొసకు ఇనుప ముక్క కట్టి బావిలకు దించేటోడు. ముడులు లెక్కబెట్టుడు ఆయన పని. రాసుకునుడు, ఫొటోలు దీసుడు నా పని. అట్ల మొదటి ఏడాది ముప్పై ఒక్క బావులు తిరిగినం. ఇంటికొచ్చి కాయితాల మీదివన్నీ కంప్యూటర్ల ఎక్కించి ఆ కాయితాలు పారేసేదాన్ని. ఫొటోలు, లోతులు, నీళ్ల మట్టాలు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌ల ఉండె. దాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకొని తిరిగిన. ఎప్పుడూ నా కాన్నే ఉంటది గాబట్టి అంతకంటే భద్రం ఏముంటదని నా అమాయకత్వం.

ఒకనాడు ల్యాబ్‌ల పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తువట్టలే. పక్క కంప్యూటర్‌కు పెట్టిన. అదీ గుర్తువట్టలే. నాలుగోదానికి గూడ పెట్టి చూసిన, అంతే. ఎవరో చూసి, కంప్యూటర్ సెంటర్‌కు పో, అక్కడ మేడం ఉంటది అన్నరు.

కంప్యూటర్ సెంటర్ లైబ్రరీ ఎన్కభాగంల ఉంటది. బయట రోహిణి ఎండలు మండుతుంటే లోపల ఏసీ హోరుకు ఒక మేడం స్వెటర్ తొడుక్కొని కూసున్నది. ఏభై దాటినట్టుంటది. అద్దాల గదిల వరుసగా సర్వర్లు, వాటి ముంగట ఆమె బల్ల. మాట ఇనంగనే తెలిసింది, కోస్తా దిక్కామె అని. కొంపల్లి కాడ కొత్త కాలనీల ఇల్లు కట్టుకొని ఉంటున్నరని తర్వాత తెల్సింది.

"మేడం, పెన్‌డ్రైవ్ పని చేస్తలేదు. ముప్పై ఒక్క బావులు పోయినయ్," అన్న.

"బావులు పోవడమేంటమ్మా?"

ఏడుపు ఆపుకుంట మొత్తం చెప్పిన. ఆమె పెన్‌డ్రైవ్ తీసుకొని గంట సేపు కుస్తీ పట్టింది. ఒక సాఫ్ట్‌వేర్ పెట్టి చూసింది, ఇంకోటి పెట్టి చూసింది. చివరికి తీసి నా అరచేతిల పెట్టింది.

"ఇది పోయిందమ్మా. నీకు అబద్ధం చెప్పి ఆశపెట్టను," అన్నది. తర్వాత నా లాగిన్ పేరు అడిగి స్క్రీన్ నా దిక్కు తిప్పింది. "చూడు, నీ హోమ్ ఫోల్డర్ చేరిన రోజు నుంచి ఖాళీగానే ఉంది. ఎందుకు వాడలేదు?"

"గదేంది మేడం?"

నిజంగనే నాకు ఎర్కలేదు. చేరిననాడు లాగిన్, పాస్‌వర్డ్ ఉన్న చీటీ ఒకటి ఇచ్చిన్రు. అది ఇంటర్నెట్‌కే అనుకున్న. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. కుర్చీ జరిపి కూసోమన్నది.

"ఇక్కడ చేరిన ప్రతి ఒక్కరికీ ఈ సర్వర్‌లో కొంత చోటు ఉంటుంది. నువ్వు ఏ ల్యాబ్‌లో కూర్చుని లాగిన్ అయినా అది నీకు హెచ్ డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులో పెట్టింది నువ్వు తప్ప ఎవరూ చూడరు. రోజుకి రెండుసార్లు దాని నకలు తీసి వేరేచోట పెడతాం. నీ ముందున్న కంప్యూటర్ కాలిపోయినా నీ ఫైలుకి ఏమీ కాదు."

అప్పటికప్పుడు ఒక ఫైలు చేపిచ్చింది. అందుల నా ఊరి పేరు మాత్రం రాసి హెచ్ డ్రైవ్‌ల దాచిన. మా డిపార్ట్‌మెంట్‌కు నడుచుకుంట పోయి అక్కడి కంప్యూటర్ల చూస్తే రావల్కోల్ అనే నా ఫైలు నా కంటే ముందే వచ్చి కూసున్నది. ఇయ్యాల అందరికీ ఫోన్లల్లనే అన్నీ దాచుకునుడు అలవాటు గాబట్టి ఇది చిన్న సంగతి అనిపిస్తది. ఆ పొద్దు మాత్రం తెరిచి మూసి, తెరిచి మూసి నాలుగైదుసార్లు చూసుకున్న.

పోయినవి మాత్రం పోయినయి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయిన వాకిట్ల కూసొని మోటరుకు రాగి తీగ చుడుతున్నడు. సంగతి చెప్పిన. ఆయన తీగ చుట్టుడు ఆపలే.

"బావులు యాడికి పోయినయ్ బిడ్డా? ఉన్న కాన్నే ఉన్నయి గద. పోదాం మల్ల," అన్నడు.

ఏడు ఆదివారాలు పట్టింది. మా నాయినకు వారంల దొరికే ఒక్క సెలవు అదే. ఒక్కనాడు గూడ నీ తప్పు వల్లనే అనలే. అవే గట్లు, అవే ముండ్ల కంచెలు, అదే తాడు. ఈసారి మాత్రం ఇంటికొచ్చినంక కాయితాలు పారెయ్యలే. సోమవారం పొద్దుగాల్నే యూనివర్సిటీకి పోయి అన్నీ హెచ్ డ్రైవ్‌ల పెట్టినంకనే చాయ తాగుడు.

ఆ రెండో తిరుగుడులనే ఇంకో పని మొదలైంది. గండిమైసమ్మ దిక్కు ఒక బావి, మొదటిసారి పోయినప్పుడు నీళ్లున్నది, ఈసారి సగం దాకా ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలతోని పూడిపోయింది. పక్కన ప్లాట్లకు రాళ్లు పాతిన్రు. నాయిన దాని ఒడ్డున నిలవడి శానసేపు చూసిండు. తొవ్వల వచ్చుకుంట ఒక షెడ్డు చూపించి "గీడ ఒకటుండె" అన్నడు. ఇంకొంచెం దూరం పోయినంక ఒక అపార్ట్‌మెంట్ గేటు చూపించి "గీడ ఒకటి" అన్నడు. అప్పటిసంది మూసేసిన బావులు గూడ రాసుడు మొదలువెట్టిన. ఆయన చెప్పింది చెప్పినట్టే రాసేదాన్ని. మెకానిక్ గద, బొమ్మ మంచిగ గీస్తడు. నా నోట్‌బుక్‌ల పెన్సిల్‌తోని బండ ఎక్కడ, కరెంటు స్తంభం ఎక్కడ, బావి ఎక్కడ గీసిచ్చేటోడు. అవి స్కాన్ చేసి దాచిన.

రెండో ఏడాది నేనే ఒక ఘనకార్యం చేసిన. ఒకే పేరుతోని రెండు ఫోల్డర్లు కనవడితే ఒకటి నకలు అనుకొని తీసేసిన. తీసేసింది అసలుది. నెట్‌వర్క్ డ్రైవ్‌ల తీసేస్తే చెత్తబుట్టలకు గూడ పోదు, సీదా మాయమైతది. చెప్పులు సరిగ తొడుక్కోకుండనే కంప్యూటర్ సెంటర్‌కు ఉరికిన.

మేడం లేచి నా ఎన్కకొచ్చి నిలవడ్డది. కీబోర్డు ముట్టలే. "నువ్వే చెయ్యి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టు. పాత వెర్షన్లు అని ఉందా? నిన్న మధ్యాహ్నానిది తెరువు." తెరిచిన. యాభై నాలుగు బావులు, నాయిన గీసిన బొమ్మలు, అన్నీ ఉన్నయి. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

"మేడం, మీ కంప్యూటర్ నుంచి మీరే తీసియ్యొచ్చు గదా? నేను గాబరాల మల్ల ఏదన్న తప్పు చేస్తే?" అన్న.

"తియ్యగలను. కానీ ఎవరి ఫోల్డరూ నేను తెరవనమ్మా. వేలమందివి ఉన్నాయి ఇక్కడ. థీసిస్‌లుంటాయి, పెళ్లి ఫొటోలుంటాయి, రాసి పంపని ఉత్తరాలుంటాయి. తెరిచే అధికారం నాకుంది కాబట్టే తెరవకూడదు," అన్నది. అంత పెద్ద మాట చెప్పి, ఏం చెప్పనట్టే పోయి తన పని తాను చేసుకున్నది. ఆమె మీద నాకు గౌరవం ఆ రోజుతోని పెరిగింది. తర్వాత ఎన్నో ఆఫీసులు చూసిన గానీ, చేతిల అధికారం పెట్టుకొని వాడకుండ ఉండేటోళ్లు మస్తు తక్కువ.

థీసిస్ రాసేటప్పుడు మూసిన బావుల మీద ఒక అధ్యాయం పెడుదామనుకున్న. మా గైడు సార్ ఓపికగ మొత్తం చదివి పక్కన పెట్టిండు. "ఇవి మీ నాన్నగారి జ్ఞాపకాలు. నువ్వు కొలవలేదు, చూడలేదు. పరీక్షకులు ఆధారం అడిగితే ఏం చూపిస్తావు?" అన్నడు. సార్ అన్నదాంట్ల తప్పు లేదు. అయినా మనసుకు కష్టమైంది. నాయినకు ఎట్ల చెప్పాల్నో అర్థంగాలే.

ఆ మాట ఒకనాడు మేడం కాడ అన్న. ఆమె ఫ్లాస్కులకెల్లి చాయ పోసిచ్చుకుంట ఇన్నది. "నీకు వెబ్ స్పేస్ కూడా ఉంది కదమ్మా. నీ హోమ్ ఫోల్డర్‌లోనే పబ్లిక్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో పెట్టింది లోకమంతా చూడొచ్చు. అక్కడ నీ పేరు మీద నువ్వు రాసుకోవచ్చు. మీ నాన్నగారు చెప్పారని ఉన్నదున్నట్టు చెప్పి పెట్టు, చదివేవాళ్లు నిర్ణయించుకుంటారు."

పేజీ చేసుడు రాదు నాకు. మేడం రాసిపెట్టిన నాలుగు పేజీల సూచనలు ముంగటేసుకొని రెండు వారాలు తిప్పలు పడ్డ. మొదలు తెలుగు అక్షరాలకు బదులు అన్నీ ప్రశ్న గుర్తులొచ్చినయి. పైన ఒక లైను రాయాల్నట, అది రాస్తే అక్షరాలు దిగినయి. నా కాడ మంచిగ కనవడుతాంది గానీ వేరే కంప్యూటర్ల అడ్రస్ కొడితే అనుమతి లేదు అని వస్తాంది. పోయి అడిగిన.

"ఫోల్డర్‌ని అందరూ చదవొచ్చు అని నువ్వు చెప్పలేదు కదా. మరి సర్వర్ ఎలా చూపిస్తుంది? అది తప్పు చెయ్యలేదు, నీ సరుకు కాపలా కాస్తోంది," అని ఆ ఒక్కసారి మాత్రం నవ్వింది.

చివరికి పేజీ తయారైంది. "మూసిన బావులు: మా నాయిన చెప్పినవి" అని పేరు పెట్టిన. ఇరవై రెండు బావులు. ఒక్కోదానికి ఆయన మాటలు, ఆయన బొమ్మ. పక్కన ఏ హంగూ లేదు.

నాయిన చేతుల గ్రీజు తుడుచుకొని నా ఫోన్ పట్టుకున్నడు. ఒక్కో లైను పెదవులు కదుపుకుంట మెల్లగ చదివిండు. దూలపల్లి బావి కాడ ఆగిండు.

"గిది తొమ్మిది గజాలు రాసినవ్. పదకొండు."

"దిద్దుత నాయినా."

"ఎవలన్న సూడొచ్చా గిది?"

"ఎవ్వరైనా. ఏ దేశంల ఉన్నోళ్లయినా."

ఆయన ఫోన్ నాకిచ్చిండు. "అయితే ఒక్క తప్పు ఉండొద్దు," అన్నడు.

తెల్లారి సంది తన తోటి మెకానిక్‌లకు ఫోన్లు చేసుడు మొదలువెట్టిండు. ఫలానా బావి లోతు నాకు గింత యాదికున్నది, నీకెంత యాదికున్నది అని అడుగుడు. వాండ్లకు పేజీ చూపియ్యాల్నని ఆయనకు మహా ఆత్రం. అడ్రస్‌ల నా లాగిన్ పేరు ముంగట ఒక వంకర గీత ఉంటది. అది ఫోన్ల చెప్పుడు ఎట్ల? "గీత అంటే సక్కటి గీత గాదురా. పాము నీళ్లల్ల ఈదినట్టుంటది సూడు, గట్ల," అని ఇంటి ముంగటి రిపేరు దుకాణంల నిలవడి గట్టిగ ఒర్లుతుంటే నేను ఇంట్లకెల్లి ఇని కడుపు పట్టుకొని నవ్విన. తర్వాత లింకు పంపుడు నేర్పిన గానీ, పది మందికన్న ఆ పామును ఆయన నోటితోని చెప్పిండు. వాండ్లు చెప్పిన సంగతులతోని ఆరు బావుల లోతులు మారినయి, ఇంకో తొమ్మిది బావులు కలిసినయి.

ఆ వానకాలం నాకొక ఈమెయిల్ వచ్చింది. రాసినామె దూలపల్లి దిక్కు ఒక కాలనీల ఉంటది, బడిల టీచరు. విజయవాడ దిక్కు నుంచి ఉద్యోగాలకొచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న కుటుంబం. "మా పార్కులో ఒకచోట నేల కుంగుతోందండీ. వానకి కుంగిందేమో అనుకున్నాం. మా ఏరియా నీళ్ల గురించి నెట్‌లో వెతుకుతుంటే మీ పేజీ కనబడింది. మీ నాన్నగారి బొమ్మలో ఉన్న గుట్ట, మా వెనక గుట్ట ఒకటేనేమో అని భయంగా ఉంది" అని రాసింది.

ఆదివారం నాయిన, నేను పోయినం. చిన్న పార్కు, రెండు ఊయలలు, ఒక జారుడు బల్ల. మూలకు పళ్లెం లెక్క నేల దిగి, అందుల వాననీళ్లు నిలిచి ఉన్నయి. కాలనీ పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు వచ్చిన్రు. "మా లేఅవుట్ ప్లాన్‌లో బావి లేదండీ," అని ఒకాయన కాయితం తెరిచి చూపించిండు. మర్యాదగనే అన్నడు.

నాయిన ఆ కాయితం దిక్కు చూడలే. బొమ్మల తాను గీసిన బండ కోసం వెతుకుతున్నడు. బండ లేదు. గుట్టకు, రోడ్డుకు నడుమ అటు ఇటు తిరిగి తిరిగి, ఒక ప్రహరీ గోడ కాడ వంగిండు. గోడ పునాది కింద పగులగొట్టిన బండ మొదలు కనవడుతాంది. దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, లేచి, పార్కు దిక్కు మళ్లి అంగలు వేసుడు మొదలువెట్టిండు. మేమందరం ఎన్క నడిచినం. ముప్పై అంగలకు ఆగిండు. నీళ్లు నిలిచిన జాగకు అవతల, ఊయలకు రెండడుగుల దూరంల.

"గీడ," అన్నడు. "గీ బావిల నేను మోటరు దించిన. పదకొండు గజాలు. పైన బండలు అడ్డమేసి మన్ను పోసిన్రు."

పిల్లలను దూరం పంపి, తాడు కట్టి, జాగ్రత్తగ తవ్విపిచ్చిన్రు. మోచేయి లోతుల బండ తగిలింది. నడుమ పగిలి ఉన్నది. పక్క బండ జరిపేసరికి కింద నల్లగ ఖాళీ. ఒకరు రాయి ఏసిన్రు. అది నీళ్లల్ల పడ్డ చప్పుడు అందరికీ ఇనవడ్డది.

ఆ టీచరమ్మ ఊయల దిక్కు చూసింది. "మా చిన్నది రోజూ ఈ ఊయల మీదే ఉంటుందండీ," అన్నది. రెండు చేతులెత్తి నాయినకు మొక్కింది. కాయితం తెచ్చిన పెద్దమనిషి దాన్ని మడిచి జేబుల పెట్టుకొని, "ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అని నాయిననే అడిగిండు.

నాయినకు మొక్కిచ్చుకునుడు అలవాటు లేదు. పరేషాన్ అయి నేల దిక్కు చూసుకుంట, "పూడ్వకుండ్రి. నీళ్లు మంచియి. చుట్టు గోడ కట్టి పైన ఇనుప జాలి పెట్టుండ్రి. మీ డాబాల మీది వాననీళ్లు గిందులకు ఇడువుండ్రి, మీ బోర్లు గూడ ఎండవు," అన్నడు. వాండ్లు అట్లనే చేసిన్రు. ఊయలలను అవతలి మూలకు మార్చిన్రు.

సోమవారం మేడంకు చెప్పిన. ఆమె అద్దాలు తీసి, స్వెటర్ అంచుతోని తుడుచుకొని, మల్ల పెట్టుకున్నది.

"ఇన్నేళ్లలో వీళ్లంతా ఇక్కడ ఏం దాచుకుంటారో నాకెప్పుడూ తెలీదమ్మా. డిస్కులు మారుస్తాను, నకళ్లు తీస్తాను, ఇంటికెళ్తాను. ఇవాళ ఒకటి తెలిసింది," అన్నది. నేను లేస్తుంటే, "మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు," అన్నది.

నా థీసిస్ అయిపోయింది, పట్టా వచ్చింది. కొన్నాళ్లకు నా అకౌంటు మూసేస్తమని ఈమెయిల్ వచ్చింది. చదువు అయినోళ్లకు ఆరు నెలల గడువు, అటెన్క ఫోల్డరు, వెబ్ స్పేస్ రెండూ తీసేస్తరు. మా పేజీ ఒక్కదాన్ని ఉంచమని అడుగుదామని పోయిన. ఆమె అడ్డంగ తల ఊపింది.

"నియమం అందరికీ ఒకటేనమ్మా. నీకు ఆపితే రేపు ఇంకొకరికి ఎందుకు ఆపలేదో చెప్పలేను. కానీ నియమంలోనే ఇంకొకటి ఉంది, ఎవరూ అడగరు. పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లకి కొత్త అడ్రస్ చూపించే బోర్డు ఏడాది పాటు పెట్టొచ్చు. అది పెడతాను. శనివారం రా, అంతా ఎలా తీసుకెళ్లాలో చూపిస్తాను."

శనివారం ఆమెకు సెలవు. అయినా వచ్చింది. పొద్దుగాల సంది మాపటి దాక పక్కన కూసొని, నా చేతనే అన్నీ నకలు తీపిచ్చి, ఒక్కో ఫోల్డర్ల ఎన్ని ఫైళ్లున్నయో అక్కడా ఇక్కడా సరిచూపిచ్చి పంపింది. పోయేటప్పుడు కాళ్లు మొక్కబోతే ఎన్కకు జరిగి, "వద్దమ్మా, బస్సు టైమవుతుంది, వెళ్లు," అన్నది.

ఇప్పుడు నేను మేడ్చల్‌ల ఒక డిగ్రీ కాలేజీల పాఠాలు చెప్తున్న. పేజీని వేరే చోట పెట్టిన. దాంట్ల ఇప్పుడు అరవై దాటి మూసిన బావులున్నయి. నాయిన ఇంకా చెప్తనే ఉన్నడు, వేరే ఊర్ల మెకానిక్‌లు చెప్తనే ఉన్నరు.

నేను వచ్చేసిన ఏడాది తర్వాత ఒకనాడు మధ్యాహ్నం, క్లాసుకు క్లాసుకు నడుమ, మేడం నుంచి ఈమెయిల్ వచ్చింది. బాగున్నవా అని గూడ లేదు. రెండే లైన్లు. "నలభై మూడో బావి బొమ్మ తెరుచుకోవడం లేదు. ఫైలు పేరు తెలుగులో పెట్టావు, కొత్త సర్వర్‌కి అది అర్థం కావట్లేదు, ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చు."

నలభై మూడు దాక ఒక్కోటి తెరిచి చూసిందన్నట్టు. బెల్లు కొట్టిన్రు గానీ నేను కుర్చీలకెల్లి లేవలే. ముందుగాల ఆ ఫైలు పేరు మార్చి, బొమ్మ తెరుచుకుంటాందో లేదో చూసుకొని, ఆమెకు ఒక్క లైను రాసి, అప్పుడు క్లాసుకు పోయిన.